ఐదుగురూ ఒకే ఓడలో: ‘ది సల్లివన్స్’ చూపించని ఎనిమిది రోజులు

రెండో ప్రపంచ యుద్ధంలో జూనో అనే అమెరికా యుద్ధనౌకలో పనిచేస్తూ చనిపోయిన ఐదుగురు అన్నదమ్ముల కథ ‘ది సల్లివన్స్’. 1944లో వచ్చిన ఆ సినిమాలో అందరికన్నా చిన్నవాడు ఆల్. అన్నలు నలుగురూ ముందు పరిగెడుతుంటే వెనకాల పడి “ఆగండి, నేనూ వస్తా!” అని అరుస్తుంటాడు. ఆ కేక సినిమాలో తిరిగి తిరిగి వినిపిస్తుంది. చివర్లో ఐదుగురూ పోయాక, మబ్బుల మీద నలుగురు నడిచిపోతుంటే వెనకనుంచి అదే కేక వేసుకుంటూ ఆల్ వచ్చి వాళ్లలో కలుస్తాడు. ఎనభై ఏళ్లు దాటిన నలుపు తెలుపు బొమ్మ. అయినా అక్కడ గొంతు పట్టుకుంటుంది. దర్శకుడు లాయిడ్ బేకన్‌కి తన పని బాగా తెలుసు.

కానీ ఆ చావుకి సినిమా చెప్పిన కారణం నిజం కాదు. గాయపడి ఓడ కింది భాగంలో ఉన్న ఒకణ్ణి వదిలి రాలేక మిగతావాళ్లు కిందికి దిగుతారు, అంతలో ఓడ పేలిపోతుంది. ఒకరినొకరు విడవలేదు కాబట్టి పోయారు అని అర్థం వస్తుంది. జరిగిన దానిలో ఆ అన్నదమ్ముల పట్టుదలకి ఉన్న పాత్ర చాలా తక్కువ. అప్పటికే చిల్లుపడ్డ ఓడ, గురి తప్పిన ఒక టార్పెడో (నీటిలో దూసుకుపోయి ఓడని పేల్చే ఆయుధం), గమ్యం చేరని ఒక కబురు, ఈ మూడూ కలిసి చేసిన పని అది. ఇందులో మూడోది తప్పించగలిగేది. సినిమాలో దాని ఊసే లేదు.

వాళ్లు అయోవా రాష్ట్రంలోని వాటర్లూ పట్టణం వాళ్లు. తండ్రి టామ్ ఇల్లినాయి సెంట్రల్ రైల్వేలో ఉద్యోగి, తల్లి అలెటా. జార్జ్, ఫ్రాంక్, జో, మాట్, ఆల్ వరసగా మగపిల్లలు, జెనవీవ్ అని ఒక ఆడపిల్ల. పోయేనాటికి జార్జ్‌కి 27, ఆల్‌కి 20. పెళ్లయినవాడు ఆల్ ఒక్కడే. అతని కొడుకు జిమ్మీకి రెండేళ్లు కూడా నిండలేదు. ఊళ్లో రాత్ ప్యాకింగ్ కంపెనీ అనే మాంసం కర్మాగారంలో పని. జపాన్ చేసిన పెర్ల్ హార్బర్ దాడిలో అరిజోనా అనే అమెరికా యుద్ధనౌక మీదున్న స్నేహితుడు బిల్ బాల్ చనిపోయాడు. 1942 జనవరి 3న ఐదుగురూ నౌకాదళంలో చేరారు. ఒకే ఓడలో వేస్తేనే చేరతామని షరతు పెట్టారు. పైవాళ్లు ఒప్పుకున్నారు.

దీన్ని కుర్రతనం అని కొట్టిపారేసేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. జార్జ్, ఫ్రాంక్ అంతకుముందే నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్లు. ఓడ అంటే ఏమిటో, కింది అరల్లో ఉన్నవాడికి పైకి రావడానికి ఎంతసేపు పడుతుందో తెలిసినవాళ్లు. తెలిసే అడిగారు.

ఇక చట్టం సంగతి. “సల్లివన్ సోదరుల తరవాత అమెరికాలో అన్నదమ్ముల్ని ఒకే ఓడలో వేయకూడదని చట్టం చేశారు” అన్న వాక్యం ఇప్పటికీ చలామణీలో ఉంది. 1998లో వచ్చిన ‘సేవింగ్ ప్రైవేట్ రయాన్’లో కూడా, సల్లివన్లు జూనో ఓడతో పోయాక రయాన్ సోదరుల్ని విడదీశామని ఒక అధికారి చెబుతాడు. అలాంటి చట్టం ఏనాడూ లేదు. బిల్లులు పెట్టారు, నెగ్గలేదు. 1948లో వచ్చింది వేరే: కుటుంబంలో మిగిలిన ఒకే ఒక్క కొడుకుని నిర్బంధ సైనిక సేవ నుంచి మినహాయించడం. అది ఇంట్లో చావులు జరిగిన తరవాత పనికొచ్చే నిబంధన. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే చోట పనిచేయడాన్ని అది ఆపదు.

విచిత్రం ఏమిటంటే, సల్లివన్లు చనిపోవడానికి నాలుగు నెలల ముందే నౌకాదళం ఒక మాట రాసిపెట్టింది. 1942 జులైలో సిబ్బంది వ్యవహారాల విభాగం తన పత్రికలో, యుద్ధ సమయంలో అన్నదమ్ములు ఒకే ఓడలో ఉండకపోవడం కుటుంబానికి మేలనీ, అలాంటి విన్నపాల్ని కెప్టెన్లు పైకి పంపవద్దనీ ప్రకటించింది. కారణం అరిజోనా. ఆ ఒక్క ఓడ మీద 1941 డిసెంబరు 7న 37 జట్ల అన్నదమ్ములు, మొత్తం 77 మంది ఉన్నారు. వాళ్లలో 62 మంది చనిపోయారు. అయితే ఆ ప్రకటన కొత్త విన్నపాల గురించి. అప్పటికే ఓడెక్కి కూర్చున్నవాళ్లని దించమని ఎవరూ పట్టుబట్టలేదు. జూనోలోనే రోజర్స్ అన్నదమ్ములు నలుగురు ఉండేవారు. జూనో చివరి పోరుకి ముందు ఇద్దరు వేరే చోటికి బదిలీ అయ్యారు. ఓడలో మిగిలిన ఇద్దరూ పోయారు.

విడదీస్తే ఇంటికి నిజంగా మేలా? లెక్క వేసి చూడాలి. ఒక ఓడ మనుషులందరితో సహా మునిగిపోయే అవకాశం ఇరవైలో ఒకటి అనుకుందాం. ఇది లెక్క సులువు కోసం పెట్టుకున్న అంకె మాత్రమే. ఐదుగురూ ఒకే ఓడలో ఉంటే నూటికి 95 పాళ్లు ఐదుగురూ తిరిగొస్తారు, 5 పాళ్లు ఒక్కడూ రాడు. ఐదు ఓడల్లో ఉంటే ఐదుగురూ క్షేమంగా వచ్చే అవకాశం 0.95ని ఐదుసార్లు హెచ్చవేస్తే వచ్చేది, అంటే నూటికి సుమారు 77. మిగతా 23 పాళ్లు ఆ ఇంట్లో ఒక్క చావైనా తప్పదు. ఐదుగురూ పోయే అవకాశం మాత్రం 32 లక్షల్లో ఒకటికి పడిపోతుంది. సగటున పోయేవాళ్ల సంఖ్య రెండు పద్ధతుల్లోనూ ఒకటే, 0.25. విడదీయడం వల్ల ఒక్క ప్రాణమూ మిగలదు. దుఃఖం పంపకం మాత్రం మారుతుంది. కొన్ని ఇళ్లలో కుప్పగా పడాల్సింది ఎక్కువ ఇళ్లలో ఒక్కొక్కటిగా పడుతుంది.

నౌకాదళం ఏ పంపకాన్ని కోరుకుంటుందో తెలిసిందే. ఒకే ఇంట్లో ఐదుగురు అనేది పత్రికల్లో పతాక శీర్షిక. ఐదిళ్లలో ఒక్కొక్కరు అనేది లోపలి పేజీలో చిన్న అక్షరాలు. తల్లిని అడిగితే ఏమంటుందో చెప్పడం కష్టం. అడిగినవాళ్లూ లేరు.

ఊరి మొత్తానికి ఇదే లెక్క వర్తించిన సందర్భం మొదటి ప్రపంచ యుద్ధంలో ఉంది. ఒకే ఊరివాళ్లు, ఒకే మిల్లువాళ్లు కలిసి చేరితే కలిపే ఉంచుతామని బ్రిటన్ పటాలాలు కట్టింది. ఆక్రింగ్టన్ ప్రాంతపు పటాలం 1916 జులై 1 ఉదయం సెర్ అనే ఊరి ముందు దాడికి లేచింది. సుమారు 700 మందిలో 580 మందికి పైగా చనిపోవడమో గాయపడడమో కనిపించకుండా పోవడమో జరిగింది. ఊరు ఊరంతా ఒకేసారి ఘొల్లుమంది. మన పశ్చిమ గోదావరిలో మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారంటే ఇంటింటా సైనికులుండబట్టే. తండ్రి పనిచేసిన పల్టన్‌లోనే కొడుకు చేరడం భారత సైన్యంలో గొప్పగా చెప్పుకునే ఆనవాయితీ. కలిసి ఉంటే ధైర్యం, ఒకరికొకరు ఆసరా అన్నది వట్టి మాట కాదు, ఏ సైన్యమైనా దాని మీదే నడుస్తుంది. కాబట్టి ఒకే ఓడ అడగడాన్ని తప్పుపట్టే ముందు రెండో వైపూ చూడాలి.

ఇంకొకటి. నేను పెట్టుకున్న లెక్కలో ఓడ మునిగితే అందరూ పోతారని ఊహ ఉంది. మామూలుగా అలా జరగదు. జూనో పక్కన నడిచిన హెలెనా అనే క్రూయిజర్ (మధ్యరకం యుద్ధనౌక) మరుసటి ఏడాది జులైలో కులా ఖాతంలో మునిగింది. సుమారు 900 మందిలో 168 మంది పోయారు. మునిగిన క్రూయిజర్‌లో ఉన్న ఐదుగురిలో ముగ్గురు నలుగురు బతికి బయటపడడం వింతేమీ కాదు. జూనోలో మాత్రం 687 మంది పోయారు. ఎందుకు అంత తేడా? సినిమా అడగాల్సిన ప్రశ్న ఇది.

జూనో అట్లాంటా తరగతి తేలికపాటి క్రూయిజర్. 1942 ఫిబ్రవరి 14న సేవలో చేరింది. ఐదు అంగుళాల ఫిరంగులు 16, జంట జంటగా ఎనిమిది టరెట్లలో, అంటే తిరిగే ఫిరంగి గూళ్లలో. విమానాల్ని కూల్చడానికి బ్రహ్మాండమైన ఓడ. అన్ని ఫిరంగులకి సరిపడా మందుగుండు అదే పొట్టలో ఉండాలి, పక్కల ఉక్కు కవచం పలచన. పెద్ద ఓడలతో దగ్గరనుంచి కొట్టుకోవడానికి కట్టిన ఓడ కాదది. 1942 నవంబరు 13, శుక్రవారం తెల్లవారుజామున దక్షిణ పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవి పక్క చీకట్లో సరిగ్గా ఆ పనికే దిగాల్సి వచ్చింది. అమెరికా వైపు 13 ఓడలు. ఎదురుగా హియె, కిరిషిమా అనే రెండు జపాన్ బాటిల్‌షిప్పులు, వాటి వెంట డెస్ట్రాయర్లు అనే చిన్న, వేగమైన యుద్ధనౌకలు. రెండు వైపుల ఓడలూ ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి కలగాపులగంగా కాల్చుకున్నాయి. అమెరికా రియర్ అడ్మిరళ్లు కల్లహన్, స్కాట్ ఇద్దరూ ఆ రాత్రే పోయారు. జూనోకి ఎడమ పక్క, ముందరి బాయిలర్ల గది దగ్గర టార్పెడో తగిలింది.

అక్కడితో ఓడ మునగలేదు. తెల్లారేసరికి ముక్కు పన్నెండు అడుగులు దిగబడి, ఒక్క ప్రొపెల్లర్ మీద 13 నాట్ల (గంటకి సుమారు 24 కిలోమీటర్ల) వేగంతో ఎస్పిరిటు శాంటో దీవి దారి పట్టింది. తోడుగా హెలెనా, చితికిపోయిన శాన్ ఫ్రాన్సిస్కో అనే క్రూయిజర్, దెబ్బతిన్న స్టెరెట్, క్షేమంగా ఉన్న ఫ్లెచర్ అనే డెస్ట్రాయర్లు. ఓబానన్ అనే ఇంకో డెస్ట్రాయర్‌ని వైర్‌లెస్ సందేశం పంపడానికి దూరంగా పంపేశారు. ఓడల గుంపు ఎక్కడుందో శత్రువు పసిగట్టకూడదని ఆ జాగ్రత్త. దానితో జలాంతర్గాముల్ని కాచుకునే కన్ను ఒకటి తగ్గింది.

ఉదయం 11:01. ఐ-26 అనే జపాన్ జలాంతర్గామి శాన్ ఫ్రాన్సిస్కోకి గురిపెట్టి టార్పెడోలు వదిలింది. అవి దాని ముక్కు ముందునుంచి పోయాయి. 800 గజాల అవతల నడుస్తున్న జూనోకి ఒకటి తగిలింది, రాత్రి దెబ్బ తగిలిన చోటే. చిల్లులేని పక్కన తగిలుంటే ఏమయ్యేదో ఊహించడం వృథా. ఒక్క పేలుడుతో ఓడ రెండు ముక్కలైంది. ఇరవై సెకన్లలో నీటిమీద ఏమీ లేదు. సినిమాలో అన్నదమ్ములు మెట్లు దిగి ఒకణ్ణి వెతికి మాట్లాడుకునేంత వ్యవధి అక్కడ లేదు. ఫ్రాంక్, జో, మాట్ ఆ క్షణంలోనే పోయారు. ఎవరూ ఎవరికోసమూ ఆగలేదు.

ఈ పేలుడు వరకూ దురదృష్టం అనొచ్చు. తరవాతది అనలేం.

హెలెనా కెప్టెన్ గిల్బర్ట్ హూవర్ బతికున్న అధికారుల్లో సీనియర్, కాబట్టి నిర్ణయం ఆయనదే. నీళ్లలో జలాంతర్గామి ఉంది. చేతిలో నికరంగా పనిచేసే డెస్ట్రాయర్ ఒక్కటి. అంత పేలుడులో ఎవరైనా బతికుంటారని అనుకోవడానికీ లేదు. ఆగితే ఇంకో ఓడ పోవచ్చు. ఆయన ఆగలేదు. పైన ఎగురుతున్న అమెరికా బాంబర్ విమానం బి-17కి దీపాల సంకేతాలతో కబురు చెప్పాడు: జూనో మునిగింది, ఫలానా చోటు, పై కార్యాలయానికి తెలపండి అని. విమానం వైర్‌లెస్ మౌనం పాటిస్తూ ఎగురుతోంది, అందుచేత ఆ కబురు దిగాక గానీ చెప్పలేదు. దిగాక ఇచ్చిన నివేదిక మామూలు కాగితాల్లో ఒక కాగితమై పడి ఉంది. వెతకడానికి ఎవరూ బయలుదేరలేదు.

నీళ్లలో వందమందికి పైగా ఉన్నారు.

హూవర్ది సరైన నిర్ణయమని నా అభిప్రాయం. ఆయన కబురు చేతులు మారిన పద్ధతే తప్పు. ప్రాణాల మీది కబురు ఒకే దారిలో, ఒకే మనిషి ద్వారా పంపి, చేరిందో లేదో తిరిగి అడగకపోతే చేరనట్టే లెక్క. కాలిపోతున్న ఇంటి ముందు నిలబడి పక్కవాడితో “ఫైరింజన్‌కి చెప్పు” అని వెళ్లిపోయినట్టు. హూవర్‌కి తిరిగి అడిగే వీలు లేదు, ఆయన వైర్‌లెస్ వాడకూడదు. అడగాల్సింది ఒడ్డున ఉన్నవాళ్లు. వెళ్లిన ఓడల్లో ఒకటి రేవుకి రాలేదని గుర్తించిన క్షణంలోనైనా అడగాలి. నౌకాదళం మాత్రం హూవర్‌ని పదవి నుంచి తీసేసింది. తీసేసిన అడ్మిరల్ హాల్సీ అది తన పొరపాటని తరవాత ఒప్పుకున్నాడు.

తెప్పల మీద ఏం జరిగిందో బతికినవాళ్లు చెప్పారు. నీటిమీద దళసరిగా నల్లటి చమురు. చమురు మింగినవాడికి వాంతులు. తీవ్రంగా గాయపడ్డవాళ్లు మొదటి రాత్రే ఎక్కువగా పోయారు. పగలు ఎండ, రాత్రి చలి, చుట్టూ సొరచేపలు. వీటన్నిటికన్నా లోపలనుంచి తినేసింది దాహం. సముద్రపు నీరు లీటరులో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన మూత్రపిండాలు అంత ఉప్పదనంతో మూత్రం చేయలేవు. తాగిన నీటిలోని ఉప్పుని బయటికి పంపడానికి ఒంట్లోని మంచినీరు కూడా ఖర్చవుతుంది. గ్లాసుడు తాగితే గ్లాసుకు మించి పోతుంది. రక్తంలో సోడియం పెరిగి మెదడు కణాలు ముడుచుకుంటాయి. మనిషికి లేనివి కనిపిస్తాయి, పక్కనే ఓడ ఉందని, కింద మంచినీళ్లున్నాయని నీళ్లలోకి దిగుతాడు. తెప్పల మీద ఒక్కొక్కరుగా తగ్గిపోవడానికి ఇది పెద్ద కారణం.

ఆల్ మరునాడు మునిగిపోయాడు. జార్జ్ నాలుగైదు రోజులు బతికాడు. తమ్ముళ్ల పేర్లు పెట్టి పిలుస్తూ వెతికాడు. ఒక రాత్రి స్నానం చేసొస్తానని బట్టలు విప్పి తెప్ప దిగి ఈదుకుంటూ పోయాడని ఆ తెప్పమీదే ఉండి బతికిన అలెన్ హైన్ చెప్పాడు. సినిమాలో వెనకబడి కేకలు వేసేవాడు ఆల్. సముద్రంలో వెనకబడి పిలిచింది పెద్దవాడు.

ఎనిమిది రోజులకి నీళ్లనుంచి తీయగలిగింది పదిమందిని.

1944లో ఇది తీయలేరు. యుద్ధం నడుస్తోంది, చనిపోయినవాళ్ల తల్లిదండ్రులు యుద్ధానికి మద్దతుగా కర్మాగారాలు తిరిగి కార్మికులతో మాట్లాడుతున్నారు, నౌకాదళం చేసిన తప్పుని తెరకెక్కించే స్టూడియో ఉండదు. బేకన్‌ని నేను అందుకు నిందించను. సినిమాలో ఎక్కువ భాగం బాల్యానికే ఇవ్వడం తెలివైన పని కూడా: దెబ్బలాటలు, చిల్లుల పడవ, తండ్రి రైలు వెళ్తుంటే నీళ్ల ట్యాంకు ఎక్కి చేతులూపే పిల్లలు. యుద్ధం చివరి కాసేపే. తండ్రిగా థామస్ మిచెల్ నటన ఈనాటికీ చూడదగ్గది. నౌకాదళం వాళ్లు ఇంటికొస్తే “ఎవరు?” అని ఆయన అడగడం, “ఐదుగురూ” అన్న జవాబు, ఆ తరవాత డ్యూటీకి వెళ్లడం, ట్యాంకు దాటుతూ సెల్యూట్ చేయడం. సెల్యూట్ సంగతి ఏమో గానీ ప్రశ్న, జవాబు, డ్యూటీ నిజంగా జరిగినవే. 1943 జనవరి 12. కాకపోతే ఆ రోజు వాళ్లు చెప్పింది చనిపోయారని కాదు, జాడ తెలియడం లేదని. అప్పటికి రెండు నెలలు గడిచాయి. ఊళ్లో వదంతి విని, నిజమేనా అని తల్లి నౌకాదళానికి స్వయంగా ఉత్తరం రాసింది కూడా.

నా పేచీ ఆ సినిమాని ఈనాటికీ చరిత్రగా చూసేవాళ్లతో. మనకి ఇంకా పాత ఉదాహరణ ఉంది. సౌప్తిక పర్వంలో ద్రౌపది కొడుకులు ఐదుగురూ ఒకే శిబిరంలో, ఒకే రాత్రి పోయారు. కలిసి పడుకున్నారు కాబట్టి పోయారని భారతం అనదు. పాండవులూ కృష్ణుడూ ఆ రాత్రి శిబిరంలో లేరు, అశ్వత్థామ ఎలా చొరబడ్డాడు, గుమ్మం దగ్గర కృపుడూ కృతవర్మా ఏం చేశారు, పారిపోయేవాళ్లు ఎలా దొరికారు, ఇవన్నీ పూసగుచ్చినట్టు చెబుతుంది. ద్రౌపది శోకం ఆ తరవాత వస్తుంది. ఎలా జరిగిందో తెలియడం వల్ల ఆ శోకం తక్కువ కాలేదు.

ఎవరైనా జూనో కథ మళ్లీ తీస్తే కొత్తగా కల్పించాల్సిందేమీ లేదు. 11:01కి ఒక పేలుడు, పైన చక్కర్లు కొట్టే విమానం, బల్ల మీద ఒక కాగితం. కాగితాన్ని, తెప్పని మార్చి మార్చి చూపిస్తూ ఎనిమిది రోజులు.

2018 మార్చి 17న మైక్రోసాఫ్ట్ సహ వ్యవస్థాపకుడు పాల్ ఆలెన్ పరిశోధక నౌక పెట్రెల్ జూనో శిథిలాన్ని సుమారు 4,200 మీటర్ల లోతున కనిపెట్టింది. అన్నదమ్ముల పేరుతో ‘ది సల్లివన్స్’ అనే డెస్ట్రాయర్‌ని 1943 ఏప్రిల్ 4న తల్లి అలెటా చేత సీసా పగలగొట్టించి నీటిలోకి దింపారు. సినిమా చివర్లో ఆ ఘట్టమూ ఉంది. ఆల్ కొడుకు జిమ్మీ పెద్దవాడయ్యాక నౌకాదళంలో చేరాడు. పనిచేసింది ఆ ఓడ మీదే.